బుర్రకథ ఈరమ్మ: పాట కూడా కాయకష్టమే

(ఈరమ్మ వర్ధంతి సందర్భంగా, మొదటి షిఫ్టు దిగిన తర్వాత యూనియన్ ఆఫీసు ముందు జరిగిన సభలో సాంస్కృతిక విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 మన సభల్లో మామూలుగా బోనస్ గురించీ, పి.ఎఫ్. గురించీ, బదిలీ కార్మికులను పర్మినెంట్ చేయడం గురించీ మాట్లాడుకుంటాం. ఈ రోజు మాత్రం ఒక గాయని గురించి మాట్లాడబోతున్నాం. సభకు రమ్మని డిపార్టుమెంట్లు తిరుగుతున్నప్పుడు కొందరు మమ్మల్ని సూటిగానే అడిగారు: "పాటల సంగతి మాట్లాడటానికి యూనియన్ ఎందుకయ్యా?" అని. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆమె పేరు ఈరమ్మ. లోకం ఆమెను బుర్రకథ ఈరమ్మ అనీ, దరోజి ఈరమ్మ అనీ పిలిచింది. మన బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని దరోజి ఆమె ఊరు. బళ్ళారి నుంచి హోస్పేటకు రైల్లో పోయేవాళ్ళకు దారిలో దరోజి స్టేషన్ తెలుసు. ఎలుగుబంట్ల అభయారణ్యం ఉన్న ఊరంటే ఇంకా చాలామందికి తెలుస్తుంది. ఆమె 1930 ప్రాంతంలో పుట్టింది. "ప్రాంతంలో" అనక తప్పదు. మన మస్టరు రోల్లో పెద్దవాళ్ళలో సగం మంది జూన్ 1న పుట్టినట్టు రాసి ఉంటుంది కదా, బడికి పోని బీదవాళ్ళ పుట్టుక ఎప్పుడూ అట్లాగే ఉంటుంది. చనిపోయిన తేదీ మాత్రం ఖాయంగా తెలుసు. 2014 ఆగస్టు 12న బళ్ళారిలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళ వయసులో తండ్రి దగ్గర కథ చెప్పడం నేర్చుకున్న మనిషి, డెబ్భై ఏళ్ళపాటు ఆ పనినే నమ్ముకుని బతికింది. అదే ఆమె ఉద్యోగం, అదే ఆమె పొలం, అదే ఆమె ఆస్తి.

ఎవరీ బుడ్గ జంగాలు?

ఈరమ్మ బుడ్గ జంగాల ఇంట పుట్టింది. ఆ కులం సంగతి మనలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. సుగ్గి అయిపోయి కల్లాలు ఖాళీ అయిన తర్వాత భుజాన తంబురా, చేతిలో గుమ్మెట పట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. ఊరి బయట గుడారాలు వేసుకునేవాళ్ళు. రాత్రి కథ, పొద్దున జోలె. ఇంటింటికీ పోయి రాత్రి విన్న కథకు బదులుగా జొన్నలో, సజ్జలో, పాత గుడ్డలో అడిగి తెచ్చుకునేవాళ్ళు. వానలు పడితే మళ్ళీ సొంత ఊరికి చేరేవాళ్ళు. ఇల్లు ఉన్నా సంవత్సరంలో సగం రోజులు రోడ్డు మీదే.

ఆ జోలెను చూసి లోకం వాళ్ళను అడుక్కునేవాళ్ళ కింద జమకట్టింది. ఒక్క క్షణం ఆలోచించండి. రాత్రంతా గొంతు చించుకుని పనిచేసిన మనిషి పొద్దున వచ్చి కూలి అడుగుతున్నాడు. ఆ కూలికి ముందుగా రేటు లేదు, చీటీ లేదు, అడగడానికి యూనియన్ లేదు. కాబట్టి అది బిచ్చం అయింది. మనకు గేటు దగ్గర మస్టరు, నెలకొక జీతం చీటీ లేకపోతే మన కూలిని కూడా దయ అనే పిలిచేవాళ్ళు. మిల్లులు పెట్టిన మొదటి రోజుల్లో యజమానులు "మీకు అన్నం పెడుతున్నాం" అన్నది ఇందుకే. ఆ మాటను కాదనడానికి మన పెద్దలు ఎన్ని సమ్మెలు చేయవలసి వచ్చిందో మీకు తెలుసు.

బుడ్గ జంగాల పేరు కర్ణాటకలో షెడ్యూల్డు కులాల జాబితాలో ఉంది. సరిహద్దు దాటి కర్నూలు, అనంతపురం వైపు పోతే, అదే మాట మాట్లాడే, అదే కథ పాడే వాళ్ళు ఆ కుల పత్రం కోసం ఏళ్ళ తరబడి కలెక్టరాఫీసుల ముందు ధర్నాలు చేశారు. నిలకడగా ఒక ఊళ్ళో లేనివాడికి కాగితం పుట్టడం ఎంత కష్టమో, కాంట్రాక్టు కార్మికుడిగా పదేళ్ళు పనిచేసి చేతిలో ఒక్క రుజువు లేనివాడికి బాగా తెలుస్తుంది.

పనితనం అంటే ఇదీ

బుర్రకథ చూడని పిల్లలు ఈ సభలో ఉన్నారు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. నడుమ ఒక ప్రధాన కథకుడు ఉంటాడు. భుజం మీద తంబురా, వేళ్ళకు అందెలు. అటొకరు, ఇటొకరు వంతలు, గుమ్మెటలు వాయిస్తూ. కథకుడు ఒక చరణం పాడి ఆపగానే వంతలు తందాన అందుకుంటారు. ఒక వంత హాస్యం చెబుతాడు, ఇంకొక వంత ఊరి సంగతులూ, లోకం సంగతులూ కథలోకి లాగుతాడు. ఈరమ్మ మేళంలో విశేషం ఏమిటంటే అది ఆడవాళ్ళ మేళం. తోబుట్టువుతో, వదినా మరదళ్ళ వరస మనిషితో కలిసి జాతరల్లో, పల్లెల్లో ఆమె కథ చెప్పింది. ఒక ఆడమనిషి ఊరి నడుమ నిలబడి, రాజులనూ మంత్రులనూ తూర్పారబడుతూ తెల్లవార్లూ పాడటం ఆ రోజుల్లో సామాన్యమైన సంగతి కాదు.

ఇప్పుడు పనితనం సంగతి. ఈరమ్మకు అక్షరం రాదు. అయినా పన్నెండు పెద్ద కావ్యాలు ఆమె నోట ఉండేవి. కుమారరాముని కథ, బబ్బులి నాగిరెడ్డి కథ, బాలనాగమ్మ కథ, జైసింగరాజు కథ అందులో కొన్ని. అన్నీ కలిపి అచ్చు వేస్తే 7,000 పుటలు అవుతాయని లెక్క తేల్చారు. మన యూనియన్ ఆఫీసు అలమరాలో ఉన్న కార్మిక చట్టాల పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినా అన్ని పుటలు కావు. అదంతా ఒక మనిషి తలలో, చదువు లేని ఒక బీద ఆడమనిషి తలలో ఉంది.

ఇది బట్టీయం అనుకుంటే పొరపాటు. 1930లలో అమెరికా నుంచి మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ అనే ఇద్దరు పండితులు యుగోస్లావియా వెళ్ళి అక్కడ చదువు రాని గాయకులు వేల పంక్తుల వీరగాథలను ఎట్లా పాడుతున్నారో పరిశీలించారు. వాళ్ళు కనిపెట్టినది ఏమిటంటే, ఆ గాయకుడు కథను పదం పదం అప్పజెప్పడు. కథ నడక అతనికి తెలుసు, పడికట్టు మాటలు అతని నోటికి అలవాటు. రాజు వేట బయలుదేరడం, తల్లి ఏడవడం, గుర్రం వర్ణన, యుద్ధం వర్ణన, వీటికి కొలతకు తగిన మాటలు సిద్ధంగా ఉంటాయి. వాటితో ప్రతిసారీ, ఎదుట కూర్చున్న జనాన్ని చూసి, కథను కొత్తగా అల్లుతాడు. అంటే పాడేవాడే పాట కట్టేవాడు కూడా. జనం హుషారుగా ఉంటే యుద్ధం పెరుగుతుంది, ఆడవాళ్ళు ఎక్కువగా ఉంటే తల్లి దుఃఖం పెరుగుతుంది, నిద్ర ముంచుకొస్తుంటే హాస్యం దిగుతుంది.

రింగ్ ఫ్రేము మీద పనిచేసే మన అక్కలకు ఇది వెంటనే అర్థమవుతుంది. తెగిన దారం అతకడం మీకు ఎవరూ పుస్తకంలో నేర్పలేదు. కుదురు తిరుగుతూనే ఉంటుంది, ఒక చెయ్యి ఆపుతుంది, ఇంకొక చెయ్యి కొసను పట్టి అందిస్తుంది, అతుకు కనిపించకుండా దారం మళ్ళీ నడుస్తుంది. ఎట్లా చేశావని అడిగితే మాటల్లో చెప్పలేరు. ఏళ్ళ తరబడి చేతులు నేర్చుకున్న విద్య అది. ఈరమ్మ చేసింది కూడా అదే, దారం బదులు మాట. తెల్లవార్లూ తెగకుండా నడిపేది. ఆ తందాన అనే వంత పాట ఉందే, అది ఉత్త అలంకారం కాదు. ప్రధాన కథకురాలు ఊపిరి తీసుకుని తర్వాతి చరణం సిద్ధం చేసుకోవడానికి వంతలు ఇచ్చే వ్యవధి అది. ముగ్గురు కలిసి చేసే పని అంటే అట్లా ఉంటుంది.

రెండు భాషలు, ఒక గొంతు

బుడ్గ జంగాల ఇంటి భాష తెలుగు. వాళ్ళు తిరిగిన ఊళ్ళలో వినేవాళ్ళ భాష ఎక్కువగా కన్నడం. ఈరమ్మ ఇంట్లో తెలుగు మాట్లాడి, ఊళ్ళో కన్నడంలో కావ్యం పాడింది. తెలుగులోనూ పాడింది.

ఈ మాట మన దగ్గర ఎందుకు నొక్కి చెప్పాలంటే, భాష పేరుతో మనల్ని విడగొట్టాలని చూసినవాళ్ళు కొత్తవాళ్ళు కారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి పోయాయి. బళ్ళారి తాలూకా ఎవరిదనే దాని మీద పెద్ద తగాదా నడిచి, జస్టిస్ మిశ్రా విచారణ తర్వాత అది మైసూరు రాష్ట్రంలో చేరింది. అన్నదమ్ముల పొలాలు రెండు రాష్ట్రాల్లో పడ్డాయి. అప్పటికి ఈరమ్మకు ఇరవై మూడేళ్ళు ఉంటాయి. గీత ఎక్కడ గీసినా ఆమె మోసే కథలు మారలేదు. బాలనాగమ్మను మాయలఫకీరు ఎత్తుకుపోతే ఆదోనిలోనూ ఆడవాళ్ళు ఏడ్చారు, సండూరులోనూ ఏడ్చారు.

మన డిపార్టుమెంట్లలో తెలుగువాళ్ళు ఉన్నారు, కన్నడిగులు ఉన్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఉన్నారు, లంబాడీ తండాల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. యూనియన్ ఎన్నికల సమయంలో "వాడు మనవాడు కాదు" అనే గుసగుస ఎక్కడి నుంచి పుడుతుందో, అది ఎవరికి లాభమో మనకు తెలుసు. ఆ గుసగుసకు ఈరమ్మ బతుకు కన్నా మంచి జవాబు మా దగ్గర లేదు.

కంప్లి కథ

ఆమె పాడిన కథల్లో కుమారరాముని కథ మన నేల కథ. కంప్లి మన జిల్లాలోదే. పద్నాలుగో శతాబ్దం మొదట్లో, విజయనగరం ఇంకా పుట్టకముందు, కంపిలరాయుడు అక్కడ ఒక చిన్న రాజ్యం ఏలాడు. కుమారరాముడు ఆయన కొడుకు. జనం చెప్పుకునే కథలో సవతి తల్లి రత్నాజి అతని మీద మనసుపడుతుంది. అతను కాదంటే, అతని మీదే నింద వేస్తుంది. రాజు విచారణ లేకుండా కొడుకు తల తెమ్మంటాడు. బైచప్ప అనే మంత్రి అతన్ని రహస్యంగా దాచి కాపాడతాడు. ఢిల్లీ సేనలు మీద పడినప్పుడు దాచిన వీరుణ్ణి బయటికి తీస్తే, తనను చంపమన్న రాజ్యం కోసమే అతను పోరాడి చనిపోతాడు.

చరిత్రకు వస్తే, ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ మీద తిరగబడిన బహాఉద్దీన్ గుర్షాస్ప్ పారిపోయి కంప్లిలో ఆశ్రయం అడిగాడు. కంపిలరాయుడు ఇచ్చాడు. 1327 ప్రాంతంలో ఢిల్లీ సేనలు కంప్లి రాజ్యాన్ని నేలమట్టం చేశాయి. ఒకసారి గమనించండి. ఆశ్రయం కోరి వచ్చినవాడు మతం వేరైనవాడు, ఊరు వేరైనవాడు. అయినా ఈ నేలవాళ్ళు అతనికి చోటు ఇచ్చారు. ఏడు వందల ఏళ్ళ తర్వాత కూడా ఈ కథ బతికి ఉందంటే, రాజులు వేయించిన శాసనాల కన్నా ఈరమ్మ లాంటి వాళ్ళ గొంతులకే ఆ ఘనత ఎక్కువగా దక్కాలి. ఓడిపోయినవాడి కథను జనం తరతరాలుగా మోశారు. విచారణ లేకుండా శిక్ష వేయడం అన్యాయమని ఒక పల్లెటూరి జాతరలో నిలబడి చెప్పే కథ అది. చార్జిషీటు ఇవ్వకుండా సస్పెండ్ అయిన కార్మికుడు ఆ కథ వింటే అతనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

దూదేకుల ఇంటి నుంచి ఒక కథకుడు

బుర్రకథ పేరు చెప్పగానే తెలుగువాళ్ళకు షేక్ నాజర్ గుర్తుకు వస్తాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టాడు. దూదేకుల కుటుంబం. ఆయన ఆత్మకథ పేరే "పింజారి". పింజారి అంటే దూది ఏకేవాడు. మన బ్లో రూములో, కార్డింగులో యంత్రం చేసే పనిని వాళ్ళ తాతముత్తాతలు వింటితో, చేత్తో చేశారు. ఆ పింజారి కొడుకు 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలిలో చేరి, జంగాల దగ్గర ఉన్న ఈ కళను రైతుకూలీల సభలకు తెచ్చాడు. బెంగాల్ కరువును, జమీందారుల జులుమును కథలుగా కట్టాడు. బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రభుత్వమూ, హైదరాబాదులో నిజాం ప్రభుత్వమూ బుర్రకథను కొంతకాలం నిషేధించాయి. తంబురాను చూసి ప్రభుత్వాలు భయపడ్డాయంటే ఆ కళకు ఎంత బలం ఉందో ఊహించుకోండి. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1997లో చనిపోయాడు.

నాజర్‌ను గౌరవిస్తూనే ఒక మాట అనుకోవాలి. ఉద్యమం బుర్రకథను తీసుకుంది, దానికి కొత్త ప్రాణం పోసింది. అయితే ఆ కళను వందల ఏళ్ళు కాపాడిన బుడ్గ జంగాల గుడారాల వైపు ఉద్యమం ఎన్నిసార్లు తిరిగి చూసింది? వేదిక మీద కథ ఎర్రబడింది, గుడారంలో జోలె మాత్రం అట్లాగే ఉంది. ఇది ఇతరుల మీద వేసే నింద కాదు, మన మీద మనం చేసుకోవలసిన విమర్శ.

ఆలస్యంగా వచ్చిన శాలువా

ఈరమ్మకు గుర్తింపు రాలేదని చెప్పలేం. 1991లో హంపిలో కన్నడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడివాళ్ళు ఆమె కథలను విని, రాసుకుని, పుస్తకాలుగా తెచ్చారు. 1999లో కర్ణాటక ప్రభుత్వం రాజ్యోత్సవ ప్రశస్తి ఇచ్చింది. 2003లో ఆ విశ్వవిద్యాలయమే నాడోజ అనే గౌరవం ఇచ్చింది. డాక్టరేటుతో సమానమైన గౌరవం అది. బడి గడప తొక్కని మనిషి పట్టా అందుకుంది. ఆ పని చేసినవాళ్ళకు మనం చేతులెత్తి నమస్కరించాలి. వాళ్ళు రాసుకోకపోతే 2014 ఆగస్టు 12న ఆ కథలు కూడా ఆమెతోపాటే పోయేవి.

కానీ లెక్క చూడండి. పన్నెండేళ్ళకు పనిలో దిగిన మనిషికి మొదటి పెద్ద శాలువా వచ్చేసరికి దాదాపు డెబ్భై ఏళ్ళు. మన దగ్గర పన్నెండేళ్ళకు ఎవరైనా పనిలో చేరి ఉంటే యాభై ఎనిమిదికే రిటైరై, గ్రాట్యుటీ లెక్క తేలి, పెన్షన్ కాగితాలు చేతికి వచ్చి పదకొండేళ్ళు గడిచేవి. యాభై ఏడేళ్ళ సర్వీసు తర్వాత ఆమె పనిని పని అన్నారు. ఆ యాభై ఏడేళ్ళలో రాత్రిళ్ళు పాడి, పగళ్ళు నడిచి, గుడారాల్లో పిల్లలను పెంచిన ఆడవాళ్ళు ఈ కులంలో ఎంతమందో! వాళ్ళలో ఒక్క ఈరమ్మ పేరే మనకు తెలుసు. మిగతావాళ్ళ కథలు ఎవరూ రాసుకోలేదు.

లంచ్ డబ్బాతో గాయకుడు

ఇది మన దేశపు సంగతి మాత్రమే అనుకోకండి. అమెరికాలో నల్లజాతివారి పాటల్లో ఒక రకాన్ని "సోల్" అంటారు. ఆత్మ అని అర్థం. చర్చి పాటల నుంచీ, పత్తి చేలల్లో బానిసలు పాడుకున్న పాటల నుంచీ వచ్చిన గొంతు అది. అట్లాంటి గాయకుల్లో బిల్ విదర్స్ అని ఒకడు ఉండేవాడు. పాట తనే రాసి, తనే పాడేవాడు. 1938లో బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. చిన్నప్పుడు నత్తి. నౌకాదళంలో తొమ్మిదేళ్ళు పనిచేసి, తర్వాత విమానాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో కూలికి చేరాడు. విమానాల్లో పెట్టే మరుగుదొడ్ల సామాను బిగించడం అతని పని.

1971లో మొదటి రికార్డు వచ్చింది. ఆ రికార్డు అట్ట మీద ఫొటోలో అతను ఫ్యాక్టరీ దగ్గర, చేతిలో లంచ్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంటాడు. పాట పేరు తెస్తున్నా వెంటనే ఉద్యోగం మానలేదు. పాటల వ్యాపారం మీద అతనికి నమ్మకం లేదు. ఆ అనుమానం నిజమే అయింది. ఎట్లా పాడాలో, ఏం పాడాలో కంపెనీ మనుషులు చెప్పడం మొదలుపెట్టారు. 1985 తర్వాత కొత్త రికార్డు చేయడమే మానేశాడు. 2020లో చనిపోయాడు.

గని కార్మికుడి కొడుకుకు పాట కంపెనీతో తగాదా వచ్చింది. జంగాల ఇంటి ఆడబిడ్డకు కంపెనీ లేదు, తగాదా పెట్టుకోవడానికి ఎదుట మనిషే లేడు. ఊరంతా యజమానే, ఎవరూ యజమాని కారు. అసంఘటిత కార్మికుల కష్టం ఎప్పుడూ ఇదే: కూలి ఎవరిని అడగాలి?

మన తప్పు

ఇంత చెప్పి మన సంగతి దాచుకుంటే అది నిజాయితీ కాదు. కొన్నేళ్ళ కిందట మే డే నాడు మనం ఒక బుర్రకథ మేళాన్ని పిలిచాం. సాయంత్రం ఆరు గంటలకు కథ అన్నాం. ఉపన్యాసాలు ఒకటి తర్వాత ఒకటి సాగాయి. రాత్రి తొమ్మిదిన్నరకు వాళ్ళను వేదిక ఎక్కించి, "ఇరవై నిమిషాల్లో ముగించండి, రెండో షిఫ్టువాళ్ళు వస్తున్నారు" అన్నాం. రాత్రంతా చెప్పవలసిన కథను ఇరవై నిమిషాల్లో కుదించమన్నాం. చివరికి బస్సు చార్జీలు, మూడు పులిహోర పొట్లాలు ఇచ్చి పంపాం. అదే రోజు మైకు సెట్టువాడికి మాత్రం బేరమాడి, ముందుగా అడ్వాన్సు ఇచ్చి, రాత్రికి మిగతాది లెక్కగట్టి ఇచ్చాం. మేళంలోని పెద్దమనిషి పొట్లం తీసుకుని, "యూనియన్ దొరలు చల్లగా ఉండాలి" అని దీవించి పోయాడు.

ఆ మాట మమ్మల్ని ఈనాటికీ వెంటాడుతోంది. కూలి ఎగ్గొట్టినవాణ్ణి దీవించి పోయే మనిషిని మనం మిల్లు లోపల చూస్తే ఏమంటాం? "అన్నా, దండం పెట్టకు, రేటు అడుగు" అంటాం. అతని ఎదుట ఆ రోజు యజమాని స్థానంలో నిలబడింది మనమే.

అందుకే మా విభాగం నాలుగు ప్రతిపాదనలు జనరల్ బాడీ ముందు పెడుతోంది.

ఒకటి. ఇకమీద మన సభలకు పిలిచే కళాకారులకు, మేళంలో ఒక్కొక్కరికీ, మన మిల్లులో నైపుణ్యం ఉన్న కార్మికుడి రోజు కూలికి తగ్గకుండా ఇవ్వాలి. దారిఖర్చులు, భోజనం వేరు. రేటు ముందే మాట్లాడుకోవాలి, సభ ముగిసిన రాత్రే చేతికి ఇవ్వాలి.

రెండు. కథకు ఇచ్చిన సమయం కథకే ఉండాలి. మన ఉపన్యాసాలే తగ్గించుకోవాలి. ఇది మాకు కూడా వర్తిస్తుంది.

మూడు. ఈ వృత్తిలో ముసలివాళ్ళయినవాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే కళాకారుల మాసాశనం ఉంది. అర్జీ రాయడం, కాగితాలు జతచేయడం, ఆఫీసు చుట్టూ తిరగడం వాళ్ళకు తెలియదు. మనకు ఆ పని బాగా తెలుసు. పి.ఎఫ్. క్లెయిములు రాసిన చేతులతోనే వాళ్ళ అర్జీలు కూడా రాద్దాం. కుల పత్రం చిక్కు ఉన్నచోట తోడు పోదాం.

నాలుగు. ఇది ప్రతి ఇంటికీ సంబంధించినది. రింగ్ ఫ్రేము మోతలో మన పాట మనకే వినిపించదు. పత్తి తీస్తూ, రాయి విసురుతూ పాడుకున్న మన అమ్మమ్మల పాటలు మిల్లు గేటు బయటే ఆగిపోయాయి. ఇప్పుడు మన జేబుల్లో ఫోన్లు ఉన్నాయి. ఊరికి పోయినప్పుడు ఇంట్లో ముసలావిడను కూర్చోబెట్టి పాడించండి, కథ చెప్పించండి, రికార్డు చేయండి. తెలుగైనా, కన్నడమైనా, లంబాడీ మాటైనా సరే. పాడిన మనిషి పేరు, ఊరు తప్పకుండా చెప్పించండి. పేరు లేకుండా పోయిన పాటలు చాలు. యూనియన్ ఆఫీసులో వాటిని భద్రపరిచే పని మేము చూసుకుంటాం.

"పాటల సంగతి మాట్లాడటానికి యూనియన్ ఎందుకు?" అని అడిగిన సోదరుడు ముందు వరసలోనే కూర్చుని ఉన్నాడు. తమ్ముడూ, మా జవాబు ఇది: ఈరమ్మ గాయని కన్నా ముందు ఒక శ్రామికురాలు. రాత్రి షిఫ్టు చేసింది, గొంతు అరగదీసుకుంది, పనితనం సంపాదించింది, కూలి కోసం చెయ్యి చాచవలసి వచ్చింది. అట్లాంటి మనిషిని తలుచుకోవడం యూనియన్ పని కాకపోతే ఇంకెవరి పని?

వచ్చే మే డే నాడు దరోజి వైపు నుంచో, ఆదోని వైపు నుంచో ఒక మేళాన్ని పిలుద్దాం. సాయంత్రం ఏడుకే తంబురా మోగాలి. తెల్లవారేదాకా కథ సాగాలి. మొదటి షిఫ్టు సైరన్ మోగేలోపు వాళ్ళ కూలి వాళ్ళ చేతిలో ఉండాలి.

శ్రామిక కళాకారిణి ఈరమ్మకు జోహార్లు!

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!